గేదె నీడన పెద్దసారు

కొమరోలు దగ్గరి పశువుల సంతలో నీళ్లతొట్టి లేదు, నీడ లేదు. రిటైరైన టీచరు కృష్ణవేణమ్మ మూడేళ్లు అర్జీలు పెట్టి పెట్టి, చివరికి జిల్లా అధికారి ఒకాయన్ను కదిలించింది. ఆయన కళ్లారా చూసి రాస్తే జిల్లాలోని సంతలన్నిటికీ నీడ, నీళ్లు తప్పనిసరి చేస్తారట. అందుకని ఆ బుధవారం పొద్దున ఆమె ఆలోచన ఒక్కటే: ఎండలో రొప్పుతున్న గేదెల్ని ఆయనకు చూపించాలి.

సంత గుత్తదారు ఆదిశేషుకు ముందురోజే ఫోన్ చేసి, పెద్దసారు వస్తున్నాడని మాత్రం చెప్పింది. అక్కడే వచ్చింది తంటా. పెద్దమనిషి వస్తున్నాడంటే ఆదిశేషు ఊరుకునే రకమా! గిద్దలూరులో షామియానాలు అద్దెకిచ్చే బావమరిది దగ్గర్నుంచి ఒకటి తెప్పించి వేయించాడు. ట్యాంకరు పిలిచి డ్రమ్ములు నింపించాడు. గేదెలన్నిటినీ కడిగించి, కొమ్ములకు నూనె రాయించి, నుదుట బొట్లు పెట్టించాడు.

అధికారిని వెంటబెట్టుకుని వచ్చిన కృష్ణవేణమ్మ ఆ వైభోగం చూసి నెత్తి కొట్టుకుంది. సంత ఎప్పుడూ ఇలాగే ఉంటుందా అని అధికారి అడిగితే ఆదిశేషు ఛాతీ విరుచుకుని, "ప్రతి వారం ఇట్లనే సార్" అన్నాడు.

ఆమె అతన్ని పక్కకు లాగింది. "మూడేళ్ల కష్టం మట్టిలో కలిపినావు గదయ్యా."

"మన గొడ్లు ఎండకు మాడేది పరాయి మనిషికి ఎట్ల చూపించేదక్కా? సిగ్గుగాదా?"

ఆ మాటకు ఆమెకు కోపం కూడా సరిగా రాలేదు, పాపం.

తొట్టి అవసరం లేదని రాయడానికి అధికారి ఫైలు తెరిచాడు. అంతలో బావమరిది మనుషులు దిగి, మధ్యాహ్నం పెళ్లి ఉందంటూ షామియానా విప్పుకుని పోయారు. డ్రమ్ముల్లో నీళ్లు గేదెలు ఎప్పుడో ఖాళీ చేశాయి. కారేమో డ్రైవరు టిఫినుకని కొమరోలు తీసుకుపోయాడు. మే నెల ఎండ. మైదానంలో మనిషికి నీడనిచ్చేంత ఎత్తున్నది, సంతలోని గేదెలన్నిటికన్నా పెద్దదైన ఆదిశేషు సొంత గేదె ఒక్కటే. అధికారి కాసేపు మొహమాటపడి, దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. నీళ్లు అడిగితే ఆదిశేషు డ్రమ్ము వంచి చూపించాడు.

అరగంటకు అధికారి తల పైకెత్తి, "నిజం చెప్పు. ప్రతి వారం ఎట్లుంటది?" అన్నాడు.

ఆదిశేషు తల వంచుకున్నాడు. "ప్రతి వారం ఇట్లనే సార్."

అధికారి లేచి, గేదె వీపు మీదే ఫైలు పెట్టుకుని రాశాడు. ఆయన రాయడం అయ్యేదాకా గేదె కదలలేదు.

రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది, సంతలన్నిటా పశువులకు నీడ, నీళ్లు కల్పించాలని. ఆ రోజు నీడ ఎవరు ఎవరికి కల్పించారన్నది మాత్రం అందులో రాయలేదు.