మండలం కనిపెట్టిన అంగి

"మాతృమూర్తి ధరించు వస్త్రమందే జాతి గౌరవము నిక్షిప్తమై యున్నది!"

ప్రాణహిత తీర మాతృసేవా మండలం 2007 జూన్‌లో ఒక పరిపత్రం, అంటే సర్క్యులర్, ద్వారా లోకానికి ఇలా చాటింది. లోకమంటే ఇక్కడ మహారాష్ట్ర సరిహద్దు ఊరు సిరోంచలోని మండలం కార్యాలయపు గోడ, గోడకున్న నోటీసు పలక, దాని ముందు ఎనిమిది నెలల బిడ్డను చంకన వేసుకుని చదువుతున్న ఆరోగ్య సేవిక శోభారాణి. గౌరవం వస్త్రంలో సరిగ్గా ఎక్కడ నిక్షిప్తమై ఉన్నదో, కొంగులోనా కుచ్చిళ్లలోనా, పరిపత్రం చెప్పలేదు. వస్త్రం సంగతి మాత్రం పూసగుచ్చినట్టు చెప్పింది. రంగు పాలమీగడ. అంచు ఎరుపు, నాలుగు వేళ్ల వెడల్పు. గుడ్డ నూలుది కారాదు, మెరవాలి. కుచ్చిళ్లు ఏడు. కొంగుకు ఐదు పిన్నులు. ఏ పిన్ను ఎక్కడ గుచ్చాలో తెలిపే పటం జతపరచడమైనది.

ఈ నిర్ణయం చేసిన వస్త్ర ఉపసమితిలో సభ్యులు ఐదుగురు. ఐదుగురూ పురుషులే. సగటు వయస్సు అరవై ఒకటి. వారిలో ఏ ఒక్కరూ ఎన్నడూ చీర కట్టి ఉండలేదు కాబట్టి విషయాన్ని నిష్పాక్షికంగా పరిశీలించగలిగారని సభా వృత్తాంతంలో నమోదైంది.

శోభారాణి చూపు తొమ్మిదో నిబంధన దగ్గర ఆగింది: "చీరపై పురుషుల అంగి తొడుగుట మాతృత్వమునకు అవమానకరము. నేటినుండి నిషేధము."

పేరు రాయలేదు గాని ఆ నిబంధన ఆమె కోసమే పుట్టింది. ఆ ప్రాంతపు ఊళ్లలో ఆడవాళ్లు నాట్లకు పోయినా, కలుపుకు పోయినా, చీరమీద మొగుడి పాత అంగి తొడుక్కుంటారు. వరి ఆకు చేతులు కోయదు, ఎండ కాల్చదు, కొంగు జారి బురదలో పడదు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరికీ తోచలేదు. శోభారాణి చేసిందల్లా, ఆ అంగిని పొలం నుంచి ఉద్యోగానికి తీసుకురావడమే. ఆమె భర్త వెంకటేశ్వర్‌ది నీలిగళ్ల నిండుచేతుల అంగి. దానికి అదనంగా రెండు జేబులు కుట్టుకుంది. ఒక దాంట్లో పెన్ను, పిల్లల తూకాల పుస్తకం. రెండో దాంట్లో జ్వరం చూసే గొట్టం, మాత్రలు. ముందు గుండీలున్నందువల్ల బిడ్డ దీపాలికి ఎక్కడ ఆకలైతే అక్కడ కూర్చుని పాలివ్వవచ్చు. వస్త్రం నుంచి మనిషి ఆశించదగిన పనులన్నీ ఆ అంగి చేసేది. బహుశా అదే దాని దోషం.

మండలం సచివుడు, అంటే కార్యదర్శి, గోపాల్‌రావు గదిలోకి వెళ్లి ఆమె అడిగింది.

"సారూ, గీ చీర కట్టుకొని సైకిల్ ఎట్ల తొక్కాలె?"

"గౌరవంగ తొక్కాలె."

"వాగు దాటేటప్పుడు?"

"గౌరవంగ దాటాలె. శోభాబాయీ, నువ్వు చదువుకున్నదానివి. తల్లి అంటే ఎట్లుండాలె? చూస్తే దండం పెట్టబుద్ధి కావాలె. నిన్ను చూస్తే నాటుకు పిలువబుద్ధి అయితుంది!"

"బిడ్డకు పాలియ్యాలె గద సారూ. ఐదు పిన్నులు గుచ్చుకుంటే ఎట్ల?"

గోపాల్‌రావు కిటికీ వైపు తిరిగాడు. ఆయనది లజ్జాశీలమైన స్వభావం. "దానికి ఫారం పెట్టినం. పోశం, చూపెట్టు."

గుమస్తా పోశం ఫారం తీసిచ్చాడు. దాని శీర్షిక: "ఉద్యోగిని ఆశ్రిత వ్యక్తి ఆహార విరామార్థ వినతి." ఒక రోజు ముందుగా సమర్పించాలి. ఆకలి వేయబోయే సమయం, స్థలం, కారణం నింపాలి.

"కారణం కాడ ఏం రాయాలె పోశమన్నా?"

"ఆకలి అని రాయి చెల్లే," అన్నాడు పోశం మెల్లగా. "వేరే రాస్తే విచారణ పెడుతరు."

ఇంతకీ ఆమె ఎందుకు లోబడాలి? ఉద్యోగం తాత్కాలికం కాబట్టి. ఐదేళ్లు ఎడతెగకుండా పనిచేసినవారిని కాయం, అంటే పర్మినెంటు, చేయాలని మండలం నియమం. ఆమె చేరి ఆరేళ్లయింది. కాని మండలం తెలివైనది! ప్రతి ఏటా జూన్ ముప్పైన కాగితం మీద సేవికలందరినీ తొలగించి, జూలై రెండున కొత్తగా చేర్చుకునేది. జూలై ఒకటిన వారు కాగితం ప్రకారం ఇంట్లో విశ్రాంతిగా ఉండేవారు; వాస్తవానికి ఊళ్లలో పిల్లలను తూచేవారు. ఆ విధంగా శోభారాణి ఆరేళ్లలో ఒక ఏడాది సేవ ఆరుసార్లు చేసింది గాని, ఆరేళ్ల సేవ ఒక్కసారీ చేయలేదు. ఈ ఏడు జూలైలో మండలాధ్యక్షుడు గడ్చిరోలి నుంచి స్వయంగా వచ్చి కాయం పట్టిక మీద సంతకం చేస్తాడని వార్త. పట్టికలో లేనివారి కొలువులు ఆగస్టుతో రద్దు. విరామం సంగతి చూసీచూడనట్టు పోయి పేరు చేర్చడం సచివుడి దయ. దయకు పాత్రురాలు కావాలంటే చీర కట్టాలి.

కట్టింది. ఆ చీరతో మొదటి రోజు బామ్ని ఊళ్లో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను. అతిశయోక్తి అవసరం లేదు. సైకిలు గొలుసు రెండు కుచ్చిళ్లను మింగింది. మిగిలిన ఐదింటితో ఆమె వాగు దాటింది. వేలాడే కాటాకు పిల్లవాణ్ణి ఎక్కించబోతే కొంగు కొక్కేనికి చిక్కుకుంది. తూకంలో పిల్లవాడు ఎంతో, మాతృగౌరవం ఎంతో తేల్చడం కష్టమైంది. అంతలో దీపాలికి ఫారం సమర్పించకుండానే ఆకలి వేసింది. ఒక్కొక్క పిన్నూ తీసేసరికి బిడ్డ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి నిద్రపోయింది. ఐదో పిన్ను శోభారాణి బొటనవేలిలో దిగింది.

మర్నాడు ఆమె మళ్లీ నీలిగళ్ల అంగి తొడిగింది.

"పేరు తీసేస్తరే కోడలా!" అంది అత్త ఎల్లక్క.

"ఉద్యోగం పోతే ఆగస్టుల పోతది అత్తా. బిడ్డకు ఆకలి ఇయ్యాల్నే అయితుంది."

మూడో నాటికి నోటీసు వచ్చింది. "మీ పేరును కాయం పట్టికనుండి ఎందుకు తొలగించరాదో పదిహేను దినములలో కారణములు చూపవలెను." అధ్యక్షుడు వచ్చే రోజున మాత్రం చీరలో ఉండి తీరాలని పోశం నోటిమాటగా కబురు తెచ్చాడు. నోటీసును చీరకొంగున ముడివేసుకుని ఆమె ఆ రోజుకు సిద్ధమైంది. జేబులు లేవు మరి!

జూలై మూడోవారం. నాట్లు ముమ్మరంగా ఉన్నాయి. అధ్యక్షుడి జీపు బామ్నికి బయలుదేరింది. ముందు అధ్యక్షుడు, వెనుక గోపాల్‌రావు. దారి చూపడానికీ, మాతృత్వానికి నమూనాగానూ మీగడరంగు చీరలో శోభారాణి, ఒళ్లో దీపాలి. పొలాల మధ్య మలుపులో జీపు ముందుచక్రాలు రెండూ ఇరుసుదాకా బురదలో దిగాయి.

డ్రైవరు దిగి నాటువేసే ఆడవాళ్లను కేకేశాడు. పదిమంది వచ్చారు. పదిమందీ అంగీల్లోనే! తెల్లవి, గళ్లవి, చారలవి, ఒకటి పెళ్లినాటి పట్టుది. వాళ్లను చూసి గోపాల్‌రావు తల వంచుకున్నాడు. పరిపత్రానికి అవమానం జరిగిందని కాదు. ముందు నడుస్తున్న ఆమె ఆయన భార్య యాదక్క. కూలీలు దొరక్క తన పొలంలో తానే దిగింది. ఆమె ఒంటి మీద ఆయన తెల్ల అంగి, జేబు మీద మండలం బిళ్ల పెట్టుకునే పిన్ను రంధ్రాలతో సహా, మోచేతుల దాకా బురదతో సహా.

పది అంగీలూ ఒక్క ఊపుతో జీపును గట్టెక్కించాయి. శోభారాణి కూడా సాయపడదామని దిగింది. ఏడు కుచ్చిళ్లూ బురదకు అతుక్కుపోగా, జీపు తర్వాత ఆమెనూ లాగాల్సి వచ్చింది.

అధ్యక్షుడు నాగపూర్‌లో చదివినవాడు. కొత్త విషయం కనబడితే అడగకుండా ఉండలేడు.

"అమ్మా, ఈ అంగి ఎవరిది?"

"మా ఆయనది సారూ," అంది యాదక్క. "ఇగో, మీ ఎన్క మొఖం దాసుకొని కూసున్నడు గద, గాయినదే."

"మీ ఆయన ఒప్పుకున్నారా?"

"ఆయన ఒప్పుకునుడేంది! ఆయన ఒంటిమీద ఉన్నన్ని దినాలు గీ అంగి ఒక్కనాడన్న కష్టం చేసిందా? నా కాడికొచ్చినంకనే పని నేర్చింది."

ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకోని నోళ్లతో బాహాటంగా నవ్వారు. అధ్యక్షుడూ నవ్వాడు. చేతుల పొడవు చూశాడు, గుండీలు చూశాడు, బురదలో కూరుకున్న మీగడరంగు చీరనూ చూశాడు.

"అద్భుతం! అవసరంలోంచి పుట్టిన వస్త్రమంటే ఇదీ! గోపాల్‌రావ్, ఇది ఎవరి ఆలోచన?"

మనిషి ఎంత వేగంగా ఆలోచించగలడన్నది శాస్త్రం ఇంకా తేల్చవలసిన ప్రశ్న. గోపాల్‌రావు తల పైకెత్తడానికి పట్టినంత సేపే పట్టింది.

"మండలానిదే సాబ్! ఏండ్లసంది ప్రయోగం నడుస్తున్నది. నా ఇంటికాన్నుంచే మొదలువెట్టిన!"

యాదక్క ఆయన చూపు చూసి, నాటు వైపు మళ్లింది. కాపురం అన్నాక కొన్ని ఉంటాయి.

అధ్యక్షుడి దగ్గర ముంబయి వారి 'గ్రామీణ నవకల్పనా పురస్కారం' ఫారం ఉంది. రేపు మధ్యాహ్నం తాను బయలుదేరేలోగా నింపి ఇమ్మన్నాడు. అందులో ఒకే ఒక చిక్కు: ప్రయోగం సంస్థ ఉద్యోగి ద్వారా, కనీసం ఐదేళ్లు, విధినిర్వహణలో నిరంతరంగా సాగి ఉండాలి. నాటువేసేవాళ్లు ఉద్యోగులు కారు. యాదక్క భార్యే గాని ఉద్యోగిని కాదు. మండలం ఈ రెంటినీ వేరుగానే చూస్తుంది.

మర్నాడు పొద్దున్నే శోభారాణికి పిలుపు వచ్చింది.

"కూసో శోభాబాయీ, కూసో. కుర్సీ ఎయ్యి పోశం! ఛాయ్ తాగుతవా? ఆ నోటీసు ఏమైంది?"

"జవాబు రాస్తున్న సారూ. ఎందుకు తీసెయ్యొద్దో కారణాలు..."

"చింపెయ్, చింపెయ్! నోటీసులకేంది, వస్తయి పోతయి. మంచిగ యాది చేసుకొని చెప్పు. అంగి ఎన్నేండ్లసంది తొడుగుతున్నవ్?"

"నౌకరిల చేరిన దినం నుంచి. ఆరేండ్లు."

"మధ్యల ఆపినవా?"

శోభారాణి బిడ్డను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. ప్రశ్నలోని లోతు ఆమెకు అప్పుడే కనబడింది. అడిగినవాడికి కనబడలేదు.

"మీ చీర కట్టిన రెండు దినాలు ఇడిచిపెడితే ఒక్కనాడు సుత ఆపలే సారూ. గట్లనే రాయుండ్రి. 'ఒక్క దినం గూడ విరామం లేకుండ' అని పెడితే మీ ప్రయోగానికి బలమొస్తది."

గుమస్తా పోశానికి ఒక్కసారిగా దగ్గు వచ్చింది. ప్రతి జూలై ఒకటినా విరామాల పుస్తకం రాసేది ఆయనే.

"నీళ్లు తాగు పోశం, నీళ్లు తాగు. రాయి! ఒక్క దినం... గూడ... విరామం... లేకుండ. శాబాష్! చదువుకున్న మనిషి మాటనే వేరు."

"ముద్ర గూడ కొట్టుండ్రి సారూ. నాకో నకలు ఇస్తే దాసుకుంట. మా బిడ్డకు చూపెడుత."

గోపాల్‌రావు కరిగిపోయాడు. ఒకటి చాలుతుందన్నా వినక రెండు ముద్రలు కొట్టాడు.

"సచివుడు ఇందుమూలముగా ధ్రువీకరించునదేమనగా, సేవిక శోభారాణి 2001 జూలై నుండి నేటివరకు, ఆరు సంవత్సరములు, ఒక్క దినమైనను విరామము లేకుండ, మండలపు విధులయందు పై అంగిని ధరించియున్నది."

పదకొండు గంటలకు అధ్యక్షుడి ముందుకు రెండు కాగితాలు ఒకేసారి వచ్చాయి: పురస్కారం ఫారం, శోభారాణి కాయం అర్జీ. రెంటికీ జతపరచిన పత్రం ఒకటే.

గోపాల్‌రావు అర్జీ చూసి అదిరిపడ్డాడు. "సాబ్, ఈమె సేవల తెంపు ఉన్నది! ప్రతి జూలై ఒకటిన విరామం. రికార్డుల ఉన్నది!"

"జూలై ఒకటిన ఈ అంగి విధుల్లో ఉందని మీరే రాశారు కదా?"

"అంగి ఉన్నది సాబ్..."

"మరి గదేంది సారూ?" అంది శోభారాణి అమాయకంగా. "ఆ దినం అంగి ఒక్కతే సైకిలెక్కి బామ్నికి పోయి, పిల్లగాండ్లను తూచి వచ్చిందా?"

గోపాల్‌రావు ముందున్న మార్గాలు రెండే. విరామం నిజమంటే ప్రయోగం అబద్ధం, ముంబయి పురస్కారం లేదు. ప్రయోగం నిజమంటే విరామం అబద్ధం, ఈమె కాయం. ఆయన ఒకసారి విరామాల పుస్తకం వైపు చూశాడు, ఒకసారి ఫారం మీద తన ఫొటో అంటించడానికి వదిలిన ఖాళీ వైపు చూశాడు.

"తెంపు... గుమస్తా పొరపాటు సాబ్," అన్నాడు.

పోశం ఆ పొరపాటును సంతోషంగా ఒప్పుకున్నాడు. ఆయన ఉద్యోగజీవితంలో చేయని తప్పు ఒప్పుకుని సంతోషించిన సందర్భం అదొక్కటే. శోభారాణి పేరు పట్టికలోకి ఎక్కింది. అధ్యక్షుడు సంతకం చేశాడు.

పురస్కారం ముంబయిలో గోపాల్‌రావుకే ఇచ్చారు. పట్టు లాల్చీలో వేదికెక్కి ఆయన శ్రామిక మాతృమూర్తుల కష్టాన్ని గురించి ముప్పావుగంట మాట్లాడి కంటతడి పెట్టుకున్నాడని చూసినవారు చెప్పారు.

తిరిగి వచ్చాక మండలం కొత్త పరిపత్రం జారీచేసింది. సేవికలందరూ ఇకపై చీరపై పురుషుల అంగి తప్పనిసరిగా తొడుగవలెను. అది భర్తదేనని గ్రామ రెవెన్యూ అధికారి తలాఠీ ధ్రువపత్రం జతచేయవలెను. చివరన, చిన్న అక్షరాలతో, ఉపసమితి ఐదుగురూ ఏకగ్రీవంగా ఆమోదించిన నిబంధన ఒకటి ఉంది:

"తాత్కాలిక సేవికలు జూలై ఒకటవ తేదీన మాత్రము యథావిధిగా గ్రామములకు వెళ్లి పిల్లలను తూచవలెను గాని, ఆనాడు అంగి తొడుగరాదు."