ఆర్వో పంటి బంగారం

ఆ గురువారం ఉదయం ఆర్వో కెట్టునెన్ అనుకున్న పని చాలా చిన్నది. పొద్దున్నే రాళ్ళ సంచులు లారీకెక్కించి పట్నంలో ల్యాబ్‌కు పంపడం, ఆ తర్వాత గడ్డం దువ్వుకుని బెర్నీస్‌కు క్యాంపు చూపించడం. బెర్నీస్ క్యాంపు దగ్గరి సరస్సు ఒడ్డున ఉండే అనిషినాబే ఆదివాసుల సంఘం తరఫు మనిషి. డ్రిల్లుకు వాడిన నీళ్ళు వాగులో కలుస్తున్నాయా, తీసిన గుంటలు మళ్ళీ పూడ్చారా అన్నీ తన కళ్ళతో చూసి తమవాళ్ళకు చెబుతుంది. వచ్చే ఏడాది ఆర్వో పనిచేసే గనుల కంపెనీని అడవిలోకి రానివ్వాలా వద్దా అన్నది సంఘం కౌన్సిల్ ఆ సాయంత్రమే తేల్చబోతోంది.

ఉత్తర ఒంటారియో అడవుల్లో బంగారం జాడ వెతకడంలోనే ఆర్వో తల, గడ్డం నెరిసిపోయాయి. మనిషి మంచివాడే గానీ ఉంగరాల విషయంలో మాత్రం రాక్షసుడు. భూమిలోంచి తీసిన రాతి కడ్డీలను షెడ్డులో నిలువునా కోసి, సగం ల్యాబ్‌కు పంపి, సగం పెట్టెల్లో దాస్తారు. ఆ షెడ్డులోకి ఉంగరంతో ఎవరూ అడుగుపెట్టకూడదు. ఉంగరం రాసుకుని రాతికి నలుసంత బంగారం అంటినా, ల్యాబ్‌వాళ్ళు దాన్ని భూమిలోదనే తేలుస్తారు. అది నమ్మి జనం కంపెనీలో డబ్బు పెడతారు. అందుకే ఒకసారి టొరంటో నుంచి వచ్చిన కంపెనీ అధ్యక్షుడు విట్‌కూంబ్ వేలికి సబ్బు రాసి మరీ కుడిచేతి ఉంగరం ఊడబెరికించాడు ఆర్వో. వేలు వాచి అధ్యక్షులవారు వారం పాటు ఎడమచేత్తో సంతకాలు పెట్టారు.

ఆర్వో చివరి సంచులు కడుతుండగా వంటమనిషి సిల్వెట్ పళ్ళెంతో వచ్చింది.

"మేపుల్ చెట్టు పాకంతో టాఫీ చేశాను పెద్దాయనా, ఒక్కటి వేసుకోండి. నోట్లో వెన్నలా కరిగిపోతుంది."

అది కరగలేదు. పై దవడను, కింది దవడను పట్టుకుని వదలనంది. ఆర్వో సిల్వెట్‌కు కళ్ళతోనే మెప్పు తెలిపి, దవడలతో కుస్తీ పడుతూనే మిగతా సంచులు కట్టాడు. డ్రైవర్ ఓడిలాన్ వాటిని లారీలో వేసుకుని వెళ్ళిపోయాడు. ఇంతలో బెర్నీస్ వచ్చింది. ఆమెతో కూర్చుని వేడి కాఫీ ఒక్క గుక్క తాగాడో లేదో, ఆర్వో కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు.

"ఏమైంది?" అంది బెర్నీస్ కంగారుగా.

ఆర్వో నాలుక నోరంతా వెతికింది. చివరి పంటి దగ్గర గుంట తగిలింది. ఎప్పుడో పళ్ళ డాక్టరు ఆ పంటికి బంగారు తొడుగు వేశాడు. ఊళ్ళోవాళ్ళందరి ఉంగరాలూ ఊడదీయించిన మనిషి, తన నోట్లో బంగారం ఉందన్న సంగతే మరిచిపోయాడు.

"నా పన్ను... బంగారు పన్ను... సంచిలో పడిపోయిందేమో!" అని దవడ పట్టుకుని అతను గొల్లుమన్నాడు. "అది ల్యాబ్‌కు చేరితే, కావాలనే బంగారం కలిపామంటారు బెర్నీస్. ఇన్నేళ్ళ పేరు గంగపాలు!"

"అయితే కూర్చున్నావేం? నా బండెక్కు."

అడవి రోడ్డు మీద ఫోన్లు పనిచేయవు. ప్రతి బండిలోనూ రేడియో ఉంటుంది, అందరిదీ ఒకటే ఛానెలు. ఒకడు మాట్లాడితే దుంగల లారీలవాళ్ళు, వేటకు వచ్చినవాళ్ళు, పక్క కంపెనీ డ్రిల్లరు కుర్రాళ్ళు అందరూ వింటారు. పైగా గరగర. బెర్నీస్ బండిని దూకిస్తుంటే ఆర్వో మైకు అందుకున్నాడు.

"ఓడిలాన్! బండి ఆపు! సంచుల్లో బంగారం ఉంది! పన్ను! బంగారు పన్ను! ఎవర్నీ తాకనివ్వకు!"

గరగరలోంచి ఎవరిదో గొంతు వచ్చింది. "ఎంతన్నాడు గురూ?"

"టన్నట!"

"టన్ను కాదయ్యా, పన్ను!" అని ఆర్వో అరిచాడు.

"మళ్ళీ టన్నంటున్నాడు. అంటే రెండు టన్నులు!"

"దేవుడా! అంత బంగారాన్ని ఓడిలాన్ ఆ డొక్కు లారీలోనా తోలుతున్నాడు?"

బెర్నీస్ అతని చేతిలోంచి మైకు లాగేసుకుంది. "ఇంక నోరు తెరవకు. నువ్వు మాట్లాడినకొద్దీ గని పెరుగుతోంది."

పెద్దరోడ్డు కలిసే చోట పెట్రోలు బంకు ఉంది. వాళ్ళు వెళ్ళేసరికి అక్కడ తిరనాళ్ళలా ఉంది. లారీ మీద, సంచుల నడుమ, ఓడిలాన్ ఇనుపరాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. "దగ్గరికొస్తే కాళ్ళు విరగ్గొడతా!" అని తన సొంత బావమరిదినే బెదిరిస్తున్నాడు. పక్క కంపెనీ మేనేజరు డ్వైట్ పొలార్డ్ బండిలోనే కంప్యూటరు తెరిచి, ఆర్వో వాళ్ళ హద్దుల చుట్టూ ఖాళీగా ఉన్న నేల మొత్తాన్ని తన కంపెనీ పేర టకటకా నమోదు చేసేస్తున్నాడు.

బంకు దగ్గర ఫోను పనిచేస్తుంది, వార్త అప్పుడే టొరంటో దాకా పాకింది. ఆర్వో జేబులో అది మోగనే మోగింది. టొరంటో నుంచి విట్‌కూంబ్.

"ఆర్వో! మన షేరు రెండింతలైందయ్యా! ఏం దొరికింది?"

"దొరకలేదు సార్, పోయింది. బంగారు పన్ను..."

"పన్ను గొడవ ఇప్పుడెందుకు? ఇంకా తవ్వలేదు, అమ్మలేదు. అది ఆడిటర్లు చూసుకుంటారు."

"ఆ పన్ను కాదు సార్. నోట్లో పన్ను."

గొంతు తగ్గించి, "ఇది ఇంకెవరికి తెలుసు?" అన్నాడు విట్‌కూంబ్.

"బెర్నీస్‌కి."

"మార్కెట్ మూసేదాకా ఇంకెవరికీ చెప్పకు. నీ పంటికి నాదీ పూచీ. ఆ మాటకొస్తే అన్ని పళ్ళకీ బంగారమే తొడిగిస్తాను. కాదని చెప్పావో, రేపట్నుంచి పనిలోకి రాకు."

ఆర్వో ఫోను జేబులో పెట్టుకున్నాడు. బెర్నీస్ చేతులు కట్టుకుని చూస్తోంది. ఆ చూపు కన్నా ఆమె ఏదైనా అడిగి ఉంటేనే బాగుండేదనిపించింది అతనికి. అంతలో దుంగల లారీ నడిపే టెరెన్స్ పరుగున వచ్చాడు.

"పెద్దాయనా, నా చేపల పడవకి బేరం కుదిరింది. ఆ డబ్బంతా మీ షేర్లలోనే పెడుతున్నా. ఏమంటారు?"

ఆర్వో నేరుగా బెర్నీస్ బండి దగ్గరికి నడిచి, రేడియో మైకు అందుకుని, పదం పదం విడదీసి చెప్పాడు.

"అందరూ వినండి. నేను ఆర్వో కెట్టునెన్‌ని. సంచుల్లో టన్ను లేదు. గని లేదు. ప-న్ను. నోట్లో ఉండే పన్ను. టాఫీ తింటే నా పంటి మీది బంగారు తొడుగు ఊడిపోయింది. ఎవరూ షేర్లు కొనకండి. టెరెన్స్, పడవ అమ్మకు."

రోడ్డు పొడవునా, ప్రతి బండిలోంచీ, నవ్వు మొదలైంది. బంకు దగ్గరున్నవాళ్ళయితే కడుపు పట్టుకుని ఒకరి మీద ఒకరు వాలిపోయారు. ఆర్వో చెవులు ఎర్రబడ్డాయి. నవ్వితే నవ్వారు గానీ, అందరూ వేలుపెట్టి తన గడ్డాన్నే ఎందుకు చూపిస్తున్నారో అతనికి అర్థం కాలేదు.

"కదలకు," అంది బెర్నీస్. గడ్డంలో చెయ్యి పెట్టి ఒక్క లాగు లాగింది. నాలుగు వెంట్రుకలతో సహా టాఫీ ముక్క ఊడివచ్చింది. అందులో ఎండకు ధగధగలాడుతూ బంగారు తొడుగు.

"అయితే ఇంతసేపూ నేను కాపలా కాసింది ఉత్త రాళ్ళకా?" అని ఓడిలాన్ రాడ్డు కింద పడేశాడు.

పొలార్డ్ కంప్యూటరు మూసి తెల్లముఖంతో వచ్చాడు. "మరి మీ చుట్టూ ఉన్న నేల...?"

"చిత్తడి. ఏమీ లేదనే కిందటేడు మేం వదిలేసుకున్నాం. దుప్పులు మాత్రం బాగా తిరుగుతాయి," అన్నాడు ఆర్వో జాలిగా.

అందరూ వెళ్ళాక అతను సంచులన్నీ వెనక్కి మళ్ళించమన్నాడు. బెర్నీస్ ఆశ్చర్యపోయింది. "పన్ను దొరికిందిగా, పంపించెయ్."

"తొడుగు దొరికింది. దాన్నుంచి నలుసేదైనా రాలిందేమో నాకేం తెలుసు? దాచిన సగం ఉందిగా, అది కోసి మళ్ళీ పంపుతాను." అంటూ దవడ నొక్కుకున్నాడు. "నేను కాకపోతే ఇంకెవరైనా పంపుతారులే. రేపట్నుంచి నాకు పని లేదు."

సాయంత్రానికి షేరు పొద్దుటికన్నా కిందికి దిగింది. కౌన్సిల్ కూర్చున్నప్పుడు బెర్నీస్ జరిగిందంతా నటించి మరీ చూపించింది. పెద్దలు నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. చివర్లో ఒక ముసలావిడ అంది: "సొంత పంటి సంగతే దాచుకోలేని మనిషి, రేపు మన వాగులో నూనె పడితే దాస్తాడా?" కౌన్సిల్ ఒప్పుకుంది, ఒక్క షరతు మీద. అక్కడ పనంతా ఆర్వో చేతి మీదుగానే జరగాలి.

మర్నాడు పొద్దున్నే విట్‌కూంబ్ ఫోను చేశాడు. గొంతులో తేనె కారుతోంది. "నిన్న లైను సరిగా లేదు ఆర్వో. నేనేదో అన్నట్టు నీకు వినబడిందేమోనని నా అనుమానం..."

ఆ చలికాలం టొరంటోలో గనులవాళ్ళ పెద్ద సభలో, నిజాయితీగా పనిచేసే కంపెనీకి ఇచ్చే బహుమతి ఆర్వో వాళ్ళ కంపెనీకే వచ్చింది. విట్‌కూంబ్ వేదికెక్కి, నిజం చెప్పడమనేది తమ కంపెనీలో పైనుంచి కిందికి పాకిన అలవాటని గద్గద స్వరంతో చెప్పాడు. ఆర్వో ఆ సభకు వెళ్ళలేదు. రమ్మని అతన్నెవరూ పిలవలేదు.