అధ్యక్షులవారి ఆకస్మిక మరణం

ఆ శనివారం కేశవరావు పెట్టుకున్న పనులు రెండే. ఉదయం ఏడింటికి గ్రూపులో రోజూ పెట్టే మెసేజ్ పెట్టాలి. మధ్యాహ్నం రెండింటికి అమెరికాలో తాముండే నోవై ఊరి లైబ్రరీలో ఉపన్యాసం ఇవ్వాలి.

రిటైరైన ఈ కార్ల ఇంజినీరుకి ఏడాదిగా ఒకటే పిచ్చి, 1867 నాటి మారిషస్. తెల్లదొరల ఏలుబడిలోని ఆ చెరకుతోటల ద్వీపంలో ఆ ఒక్క ఏడాది ఏ రోజు ఏం జరిగిందో పాత పత్రికల్లోంచి తవ్వి, తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో రోజుకొకటి పెట్టేవాడు. గవర్నరు విందులు, గుర్రప్పందాలు, ఊళ్ళకి ఊళ్ళనే ఊడ్చేసిన జ్వరాలు. మూడువందల మంది ఉన్న ఆ గ్రూపులో ఇంతవరకు అతనికి దక్కినవి తొమ్మిది బొటనవేళ్ళు. ఉపన్యాసానికైనా నలుగురొచ్చి వింటే, ఏడాది వృథా పోలేదని అనుకోవచ్చు.

మెసేజ్ టైపు చేస్తుండగా వంటింట్లోంచి భార్య జ్ఞానప్రసూన కేకేసింది.

"ఏవండీ, డ్రైవ్‌వే నిండా స్నో! ఇప్పుడు తియ్యకపోతే కారు కదలదు!"

ఆ కంగారులో రోజూ పైన పెట్టే 'మారిషస్, 1867' అన్న శీర్షిక మరిచిపోయాడు. గ్రూపులోకి వెళ్ళింది ఇంతే: "అధ్యక్షులవారు నిన్న రాత్రి జ్వరంతో అకస్మాత్తుగా కాలం చేశారు. కావున నేటి సభ రద్దు చేయడమైనది."

ఫోను సైలెంట్‌లో పెట్టి పార అందుకున్నాడు.

సంఘం అధ్యక్షుడు భీమశంకరం రిటైరైన గుండె డాక్టరు. అప్పటికి తన మంచం మీద నిక్షేపంగా గురక పెడుతున్నాడు. ఏడూ నాలుగుకి మొదటి 'ఓం శాంతి' పడింది, వెనకే నలభై. ఎనిమిదింటికి లేచిన భీమశంకరం, పై మెసేజ్‌లు చదివే ఓపిక లేక, 'ఎవరో పోయారు పాపం' అనుకుని తనూ ఒక ఓం శాంతి పెట్టాడు.

"మేడమ్‌గారే సార్ ఫోన్‌లోంచి రిప్లై ఇస్తున్నారు. ఎవరూ కాల్ చేసి డిస్టర్బ్ చెయ్యకండి" అని, అది చూసిన సంఘం కార్యదర్శి రాకేష్ అందరికీ చెప్పాడు. దాంతో కబురు ఖాయమైపోయింది. పదింటికల్లా ఆ ఇంటికి ఏ రోజు ఎవరు భోజనం తేవాలో రెండు వారాలకి లిస్టు తయారైంది.

రెండింటికి లైబ్రరీ గదిలో నలభై కుర్చీలు, ఒక జ్ఞానప్రసూన, గిన్నెడు పులిహోర. ఇరవై నిమిషాలు చూసి ఆవిడ ఫోను తీసింది.

"అయ్యో, భీమశంకరం గారు పోయారటండీ! ఎవరు చెప్పారంటే..." ఆవిడ భర్త మొహంకేసి చూసింది. "మీరేనటండీ!"

కాగితాలు బల్లమీదే వదిలేసి ఇద్దరూ భీమశంకరం ఇంటికి పరుగెత్తారు. ఆ ఇంటిముందు వీధి పొడవునా కార్లు. తలుపు తీసింది భీమశంకరమే.

"రావయ్యా! నన్ను చంపింది నువ్వేనటగా!"

"ఇయర్ రాయాలి కదా అంకుల్!" అన్నాడు రాకేష్ వెనకనుంచి.

"ఏడాదంతా రాశానయ్యా, ఒక్కరోజు మరిచిపోయాను. ఆ ఒక్కరోజే చదివారా?"

ఎవరో కేశవరావు చేతిలో పెరుగన్నం ప్లేటు పెట్టారు. అది తిన్నాక భీమశంకరమే జాలిపడి, "అందరం ఇక్కడే ఉన్నాంగా, ఆ ఉపన్యాసం ఇక్కడే కానియ్" అన్నాడు. కేశవరావు ప్రాణం లేచొచ్చింది. కాగితాల కోసం మళ్ళీ లైబ్రరీకి పరుగెత్తాడు.

కౌంటర్ దగ్గర ఉన్నామె కాగితాలతోపాటు ఒక కవరు కూడా ఇచ్చింది. మీకోసం ఒక పెద్దావిడ ఆ ఖాళీ గదిలో గంటసేపు కూర్చుని వెళ్ళారని చెప్పింది.

లోపల ఇంగ్లీషులో చిన్న ఉత్తరం. "నా పేరు సరోజిని అప్పయ్య. మాది మారిషస్. మా అమ్మాయిని చూడ్డానికొచ్చి ఇక్కడ మీ నోటీసు చూశాను. మా ముత్తాత తెలుగువాడు, 1867 జ్వరాల్లో పోయాడు. ఆ ఏడాది గురించి చెప్పే మనిషి ఇన్నాళ్ళకి దొరికాడనుకున్నాను. మంచువల్ల ఆలస్యంగా వచ్చాను. ఈ సాయంత్రమే నా విమానం."

వెనక్కి తిప్పి చూశాడు. ఫోన్ నంబరు లేదు. ఆవిడ ఎదురుచూసిన ఆ గంటా అతను పెరుగన్నం తింటున్నాడు.

కార్లో కూర్చుని ఆ ఉత్తరాన్ని తెలుగు చేసి గ్రూపులో పెట్టాడు. ఈసారి మర్చిపోకుండా ముందు 'మారిషస్, 1867' అని రాశాడు. నిమిషంలో జవాబులు మొదలయ్యాయి, అన్నీ ఓం శాంతులే. అందరికంటే ముందు పెట్టింది భీమశంకరం.

చదివి పెట్టారో లేదో కేశవరావు అడగలేదు.