నాని మృతికి మౌనం

‘ద్విభాషా నవలపై దేశంలోనే మొట్టమొదటి మహా పాఠక స్పందన సభ’ వనపర్తిలో జరుగుతుందని భాషా వికాస మండలి చైర్మన్ రాఘవేందర్ ప్రకటించాడు. నవల రాసిన యాసిన్ సంబరపడిపోయాడు. అతను పెద్దమందడిలో పంతులు. ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఉర్దూ పెట్టి, తనను పెంచిన నాని, అంటే అమ్మమ్మ అమీరున్నీసా కథే రాశాడు. పుస్తకం అచ్చయి ఏడాదైనా చదివినవాడు ఒక్కడూ ఎదురుపడలేదు. తన కూతురు ఆఫియా చదివి వినిపిస్తే నాని మాత్రం మొత్తం వింది. కానీ సొంత నానిని పాఠకుల్లో కలుపుకోవడం అతనికి నామోషీ.

సభలో చైర్మన్ మైకందుకున్నాడు.

“తెలుగు పేజీ చదివితే ఉర్దూ అర్థమైంది. ఉర్దూ పేజీ చూస్తే కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆఖర్ల నాని సచ్చిపోయే సీన్... తట్టుకోలేకపోయిన!”

నవలలో నాని చావదు. ఆ మాట చెబుదామని యాసిన్ గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడే శాలువాల పళ్లెం వేదికెక్కింది. అతను గంభీరంగా తలూపాడు.

తర్వాత లేచిన అధికారి, నాని జనాజా వెంట శ్మశానం దాకా తనూ నడిచినట్టుందన్నాడు. ఒక ప్రొఫెసర్ ఆ మరణాన్ని సింబాలిజం అన్నాడు. “ఇంక కల్చరల్ రిఫరెన్సులైతే అద్భుతం! ముఖ్యంగా దస్తర్‌ఖాన్ అనే వీరుడి పాత్ర!”

దస్తర్‌ఖాన్ అంటే అన్నాలకు కూర్చునేటప్పుడు పరిచే బట్ట.

“నాకూ ఇష్టమైన పాత్రే సార్” అన్నాడు యాసిన్.

నాని ఆత్మశాంతికి చైర్మన్ మౌనం ప్రకటించాడు. అందరూ లేచారు. ముందు వరుసలో ఉన్న నాని కూడా మోకాళ్లు పట్టుకుని లేచింది.

“బేటా, బుక్కుల నేను సావలే గదా?”

“జర చుప్ ఉండు నానీ. శాలువ ఇంకా కప్పలే.”

తిరుగుదారిలో ఆటోలో నాని శాలువ అంచు తడిమి చూసింది.

“మల్లా అచ్చేస్తే నన్నెట్ల సంపుతవ్ రా?”

“నిద్రల, నానీ. తక్లీఫ్ ఉండదు.”

“మంచిగ రాయి. గంత పెద్దోళ్లు ఏడ్చిన్రు. వాళ్ల మాట పోవద్దు.”

ఆ అధ్యాయం రాస్తుంటే, వంటింట్లో నాని దగ్గినప్పుడల్లా యాసిన్ చెయ్యి ఆగిపోయేది. అయినా చంపేశాడు.

రెండో ముద్రణ సభ గద్వాలలో జరిగింది. చైర్మన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“అందరూ ఆశలొదులుకున్నంక, ఆఖరి పేజీల నాని బతికి లేస్తది సూడుండ్రి... అక్కడ ఏడ్చిన!”

నాని ఆనందంగా చప్పట్లు కొట్టింది. యాసిన్ శాలువకు మెడ వంచాడు.