మాస్టారి కారు, మామగారి నడక

ఆ పొద్దున లెక్కల మాస్టారి పథకం చాలా చిన్నది. కారును పదకొండింటికి తనిఖీ ఆఫీసులో చూపించాలి, పాసైన కాగితం తెచ్చి భార్య చేతిలో పెట్టాలి. అంతే.

ఆ కారు సంగతి కాస్త చెప్పాలి. మాస్టారు దాన్ని ఎంత కిందికి దించారంటే, అది వస్తుంటే వీధిలో చీమలు తల వంచుకునేవి. నమ్మకపోతే చీమల్నే అడగండి. కంపెనీ వాళ్లు ఇచ్చిన స్ప్రింగులు పీకేయించి కాయిలోవర్లు పెట్టించారు. షాక్ అబ్జార్బరూ, దాని చుట్టూ స్ప్రింగూ కలిసి ఒకే గొట్టంలా ఉంటాయి. గొట్టం మీద మర, మరకు ఒక రింగు. రింగు పైకి తిప్పితే కారు లేస్తుంది, కిందికి తిప్పితే కుంగుతుంది. తనిఖీ అధికారి దగ్గర ఒక చెక్క దిమ్మ ఉంది. అది కారు కింద దూరాలి. ఇప్పటికి రెండుసార్లు దూరలేదు.

"ఇవాళ కూడా దూరలేదో, సాయంత్రం పళ్ల డాక్టరుకి తాళాలు ఇచ్చేస్తానండీ. బేరం అయిపోయింది" అంది భార్య, కుట్టుమిషను మీంచి తలెత్తకుండా. ఆవిడ మాటకు కూడా రెండు వరసల కుట్టు ఉంటుంది, ఊడదు.

"దూరకేం! పొద్దున్నే నాలుగు చక్రాలూ మూడేసి వేళ్ల మందం లేపాను. రెండువైపులా సమానంగా ఉందో లేదో చూడ్డమే మిగిలింది. నీ టేపు ఇటివ్వు. కొలత అబద్ధం చెప్పదు" అన్నారు మాస్టారు.

సరిగ్గా అప్పుడే బయట గేటు దగ్గర "నడకకు వెళ్లొస్తానే!" అని మామగారి కేక వినిపించింది. రోజూ గంట నడవమని డాక్టరు చెప్పాడు. మామగారు కూర్చుంటే బల్ల రెండో కొస మీదున్న వాళ్లు లేచి నిలబడాల్సిందే, అంత మనిషి. రోజూ బూట్లు వేసుకుని, వీధంతా వినపడేలా చెప్పి, ఇంటి పక్కనుంచి చుట్టి వచ్చి, తెరలు కట్టిన కారు వెనక సీట్లో దూరేవారు. మీదికి కారు కవరు లాక్కుని గంటసేపు నిద్ర. ఈ సంగతి ఆయనకూ సీటుకూ తప్ప మూడో ప్రాణికి తెలియదు.

మాస్టారు టేపుతో వచ్చి కొలిచారు. ఎడమవైపు వేలి మందం తక్కువ. మామగారు ఎడమవైపు ఒరిగి గుర్రు పెడుతున్నారు మరి. ఎడమ పక్క లేపొచ్చు. కానీ కారు లేపడమంటే మాస్టారికి మనసు చివుక్కుమంటుంది. కుడి పక్కే దించుదామని జాకీ పెట్టారు. కారు లేస్తుంటే "అమ్మా" అని సన్నగా మూలిగింది.

"జాకీకి నూనె వెయ్యాలి" అనుకున్నారు మాస్టారు.

చక్రాలు ఊడదీసి, రింగులు తిప్పి, మళ్లీ బిగించి, స్ప్రింగులు కుదురుకోవడానికి కారును ముందుకీ వెనక్కీ నెట్టారు. ఎందుకో ఇవాళ బరువుగా ఉంది. ఆ ఊపుకి మామగారు కుడివైపుకు జారిపోయారు. కొలిస్తే కుడివైపు తక్కువ, అదీ రెండు వేళ్లు!

"దిద్దిన తప్పు రెండింతలు కావడమేమిటి!" అని మాస్టారు లెక్క మళ్లీ మొదలుపెట్టి, ఎడమవైపు రెండు వేళ్లు దించారు.

ఇంతలో అత్తగారు పరుగున వచ్చారు. "అల్లుడుగారూ, మీ మామయ్య వెళ్లి రెండు గంటలైంది. ఫోను కూడా ఇంట్లోనే వదిలేశారు!"

"ఇవాళ హుషారుగా నడుస్తున్నట్టున్నారు అత్తయ్యగారూ, వచ్చేస్తారు" అన్నారు మాస్టారు కారు కిందనుంచి.

లోపల మామగారికి మెలకువ వచ్చేసింది. దిగితే పెళ్లాం చూస్తుంది, దిగకపోతే అల్లుడు ఎగరేస్తున్నాడు. ఏ పక్కకూ జారకుండా సీటంతా పరుచుకుని పడుకున్నారు. మాస్టారు కొలిచి, కుడివైపు ఇంకో వేలు దించారు. రెండువైపులా సమానం! టేపుకు దండం పెట్టి, గడియారం చూసి, గబగబా బండి తీశారు.

తనిఖీ ఆఫీసు ఆవరణలో అధికారి వంగి దిమ్మను కారు కిందికి తోశాడు. సగం దూరి ఆగిపోయింది.

"మూడోసారండీ మాస్టారూ" అన్నాడు అధికారి, జాలిగా కలం మూత తీస్తూ.

మాస్టారి కళ్ల ముందు పళ్ల డాక్టరు తాళాలు ఊపుకుంటూ వెళ్లిపోతున్నాడు. అప్పుడే ఫోను మోగింది. కంగారులో ఏది నొక్కారో, అత్తగారి ఏడుపు ఆవరణంతా వినిపించింది.

"అల్లుడుగారూ, సందులన్నీ వెతికాం. ఎక్కడా లేరు. పోలీసులకు చెప్పమంటారా?"

"వద్దు! వద్దు!" అంది కారు.

అధికారి కలం కింద పడేశాడు. వెనక తలుపు తెరుచుకుంది. కవరు చుట్టుకుని మామగారు దిగారు. ఆయన దిగుతుంటే కారు హమ్మయ్య అన్నట్టు పైకి లేచింది. సగంలో ఆగిన దిమ్మను అధికారి బూటు కొసతో తట్టాడు. అది సర్రున అవతలికి వెళ్లిపోయింది.

"ఖాళీ కారునే కొలవాలండీ. ముందే చెప్పొద్దూ?" అని పాసైనట్టు ముద్ర కొట్టాడు.

మాస్టారు ఆ కాగితం గబుక్కున జేబులో పెట్టుకున్నారు. మామగారు ఫోను లాక్కున్నారు. "నేనేనే, ఏడవకు. తనిఖీ ఆఫీసు దగ్గరున్నా."

"అమ్మయ్య! అంత దూరం నడిచారా?"

మామగారు అల్లుడి వంక చూశారు. అల్లుడు ఆకాశం వంక చూశారు.

"ఊఁ" అన్నారు మామగారు.

"అమ్మో! మోకాళ్ల నొప్పని ఇన్నాళ్లూ నన్ను మాయచేశారన్నమాట. రేపట్నుంచి రోజూ అక్కడిదాకా వెళ్లి రావాలి. తోడు నేనొస్తా!"

వారం తిరిగాక అదే టేపుతో కొలిస్తే, కారు ఎత్తు ఎంతుందో అంతే ఉంది. మామగారి నడుమే ఒక అంగుళం తగ్గింది.