లైవ్‌లో దొరికే మొగుడు

పెళ్ళయిన ప్రతి మగవాడికీ కనీసం నాలుగు వేలమంది అభిమానులు ఉండి తీరాలి. సొంతంగా సంపాదించుకోలేనివాడికి ప్రభుత్వమే ఏర్పాటు చెయ్యాలి. పెళ్ళి రిజిస్ట్రేషన్ కాగితాలతో పాటే ఇచ్చేస్తే మరీ మంచిది!

వేళాకోళం కాదండీ. ఈమధ్య ప్రతివాడూ ఫోన్ ముందు కూర్చుని ‘లైవ్’ అంటూ లోకం అడిగినదానికల్లా జవాబులు చెబుతున్నాడనీ, వినలేక చస్తున్నామనీ చాలామంది విసుక్కుంటున్నారు. మొక్కలు పెంచేవాడికి లైవ్, కండలు పెంచేవాడికి లైవ్, ఏమీ పెంచనివాడికి పూటకొక లైవ్. విసుక్కునేవాళ్ళను ఒక్కటే అడగాలి. మీ ఇంట్లో మగవాళ్ళు మీరు అడిగినదానికి జవాబు చెబుతారా? చెబితే మీరు అదృష్టవంతులు, మీకు ఈ వ్యాసంతో పనిలేదు. పేజీ తిప్పేయండి. మిగిలినవాళ్ళం మాట్లాడుకుందాం.

లైవ్ వరమో కాదో ఉరుముగారి ఇల్లాలిని అడిగితే తెలుస్తుంది.

ఉరుము అన్నది ఆయన అసలు పేరు కాదు. వయసులో ఉన్నప్పుడు రాక్ బ్యాండ్‌లో గిటార్ పట్టుకుని వేదిక ఎక్కగానే హాలు కిటికీలు గడగడలాడేవని అభిమానులు పెట్టుకున్న పేరు. ఇప్పుడు జుట్టు నెరిసింది, నల్లచొక్కా గుండీలు పొట్ట దగ్గర మొరాయిస్తున్నాయి. అయినా ఉరుము ఉరుమే. శనివారం సాయంత్రం అయ్యేసరికి కూతురు ముందుగదిలో స్టాండుకి ఫోన్ బిగించి, గుండ్రటి లైటు వెలిగించి, తండ్రి కాలర్ సరిచేస్తుంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంటాడు. తెర మీద ప్రశ్నలు చీమలబారులా పైకి పాకుతుంటే ఒక్కొక్కటే చదివి జవాబు చెబుతాడు.

చెప్పడమంటే మామూలు చెప్పడమా? మీ సంగీతం మీద ఎవరి ప్రభావం ఉంది గురువుగారూ అని ఒకడు అడిగితే చాలు, ఆయన కళ్ళు మూసుకుంటాడు. ఒక వారం, చిన్నప్పుడు ఇంటి రేకుల మీద కురిసిన వాన తన మొదటి గురువు అన్నాడు. మరో వారం ఆ గౌరవం పక్కవీధి మిల్లు సైరన్‌కి దక్కింది. ఆపై వారం మౌనానికి.

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న ఇల్లాలికి ఇవన్నీ వినబడుతూనే ఉంటాయి. ఆ ఇంట్లో కోడలిగా కాపురం చేసిన మనిషి ఆవిడ. దానికి రేకులు లేవు, కప్పు కాంక్రీటుది. మిల్లు ఉన్నమాట నిజమేగానీ, సైరన్ మోగినప్పుడల్లా ఆయన దిండుతో చెవులు నొక్కుకునేవాడు. ఇక మౌనం అంటారా? అది మాత్రం ఆయన ఈమధ్య ఇంట్లో బాగానే సాధన చేస్తున్నాడు.

గిటార్‌కి ఎలాంటి తీగలు వాడతారని ఎవరో అడిగితే, ఆవిడ కూరగాయలు తరిగి, పొయ్యి తుడిచి, గిన్నెలు సర్ది, చేతులు ఆరబెట్టుకునేదాకా ఆ జవాబు సాగింది. అదే రోజు పొద్దున వెనక తలుపు గడియ ఊడొస్తోంది, ఎప్పుడు బిగిస్తారని ఆవిడ అడిగితే వచ్చిన జవాబు ‘ఊఁ’.

ఊఁలో రకాలున్నాయి. తల ఊపుతూ అనే ఊఁ, తల ఊపకుండా అనే ఊఁ, చిరునవ్వుతో అనే ఊఁ. ఈ మూడోది ప్రమాదకరం. ఆ చిరునవ్వు చూసి సరేనన్నాడని నమ్మి ఆవిడ ఒకసారి తన పిన్నిగారి కుటుంబాన్నంతా వారం రోజులకు ఇంటికి పిలిచేసింది. వాళ్ళు పెట్టెలతో గుమ్మంలో దిగినప్పుడు ఆయన, పాపం, దారి తప్పి వచ్చారేమో అనుకుని వీధి చివర దాకా దిగబెట్టబోయాడు.

కాలింగ్ బెల్ మోగితే లేవడు. పక్కనే కెటిల్ ఈల వేసి వేసి నీళ్ళన్నీ ఇగిరిపోయినా పేపరు దించడు. పేరొచ్చిన మనిషి కదా, మన ప్రశ్నలు ఆయన స్థాయికి ఆనడం లేదని ఆవిడ చెల్లెలితో ఫోన్‌లో చెప్పుకుంది. ఎదుటివాళ్ళ తప్పులు తేల్చడంలో ఆవిడ చాలా నిక్కచ్చి మనిషి. ఒకసారి తేలిస్తే ఇక తిరుగులేదు.

సరే, గడియలంటే ఈ వారం కాకపోతే పై వారం బిగించుకోవచ్చు. ఇంతలో ఆగని సంగతి ఒకటి వచ్చిపడింది.

పాత బ్యాండ్‌వాళ్ళందర్నీ కూడగట్టి ఒక్క కచేరీ చేయించాలని వాళ్ళ పాత మేనేజరుకి బుద్ధి పుట్టింది. ఉరుము ఫోన్ ఎత్తడు కాబట్టి అతను రోజూ ఆవిడకే ఫోన్ చేసేవాడు. ఆవిడ రోజూ వంటింట్లోంచే అడిగేది. ఆయన రోజూ ముందుగదిలోంచే ఊఁ అనేవాడు.

"వదినా, ఊఁ అంటే ఒప్పుకున్నట్టా, విన్నట్టా?" అన్నాడు మేనేజరు చివరికి.

"అది తెలిస్తే ఈపాటికి నా కాపురం ఇంకోలా ఉండేదయ్యా," అంది ఆవిడ.

ఆదివారం పోస్టర్లు అచ్చుకి వెళ్ళిపోతాయి. శనివారంలోగా మాట తేల్చకపోతే ఉరుము చోట ఎవరో కొత్త గిటారిస్టు పేరు వేసెయ్యాలి. అతను మొహమాటపడుతూనే ఈ ముక్క చెప్పి ఫోన్ పెట్టేశాడు. ఆవిడకు మొగుడి మీద ఎంత కోపమున్నా, వేదిక మీద ఆయన నిలబడే చోట ఇంకెవరో కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడటం ఊహించుకోగానే గుండె కలుక్కుమంది. తిట్టుకోవడానికైనా ఆ చోట తన మనిషే ఉండాలి కదా!

అందుకని ఆ శనివారం ఆవిడ కూతురి పాత ఫోన్ పట్టుకుని వంటగట్టు పక్కన నిలబడింది. అభిమానిగా చేరాలంటే ముందు పేరు చెప్పాలంది ఫోన్. ఉరుముకి తోడుగా ఉంటుందని ‘చిరుమెరుపు’ అని కొట్టింది. కట్టుకున్న మొగుడితో మాట్లాడటానికి మారుపేరా అని నొచ్చుకోకండి. సొంత పేరుతో అడిగి ఆవిడ ఇన్నాళ్ళూ బావుకున్నదేముంది?

పాత బ్యాండ్‌తో కచేరీ చేస్తున్నారా గురువుగారూ అని అడిగింది. ఆయన దాన్ని దాటేసి, జుట్టుకి ఏ షాంపూ వాడతారన్న ప్రశ్న అందుకున్నాడు. ఆవిడ ఊరుకోలేదు, తెరను కాసేపు పరీక్షగా చూసింది. ఎర్రటి గుండె బొమ్మలు తగిలించిన ప్రశ్నలకే ముందు జవాబు దొరుకుతోంది. అదే ప్రశ్నకి బారెడు గుండెలు తగిలించి మళ్ళీ పంపింది. పెళ్ళికి ముందు రాసుకున్న ఉత్తరాల్లో కూడా ఆయనకి ఒక్క గుండె గీసిచ్చిన మనిషి కాదు. ఇలా అవసరం పడుతుందని అప్పుడెవరు చెప్పారు?

"చిరుమెరుపుగారు అడుగుతున్నారు," అని చదివాడాయన.

గారు! ఆవిడ చాకు పక్కన పెట్టేసింది.

"ఇంకా తేల్చుకోలేదు తల్లీ," అన్నాడు.

తల్లీ అన్నందుకు నవ్వాలో ఏడవాలో ఆవిడకు తెలియలేదు. కానీ అది వాక్యం! ఊఁ కాదు, మొదలూ చివరా ఉన్న నిండు వాక్యం. ఇన్నాళ్ళకు తన ప్రశ్నకి దక్కిన వాక్యం. ఆ ఊపు తగ్గకముందే ‘ఎందుకని?’ అని కొట్టింది, గుండెలు మర్చిపోకుండా.

షాంపూకి కూడా కళ్ళు మూసుకున్న మనిషి, దీనికి మూసుకోలేదు.

"మా డ్రమ్మర్ బండగాడు మీకందరికీ తెలుసు. మోకాళ్ళు అరిగిపోయి మానుకున్నాడు, వాడి చోట కొత్తవాణ్ణి పెడుతున్నారు. వాయిస్తూ నేను వాడి వైపే ఎందుకు చూసేవాణ్ణని మీరు అడిగితే, స్నేహం అని చెప్పాను కదా. స్నేహం కాదు. నేను చూసేది వాడి భుజం. బ్యాండ్ ఆఖరి రోజుల నుంచే అన్నీ కలిసి మోగితే నాకంతా ముద్దగా వినిపిస్తోంది. వాడి భుజం లేచిందంటే దెబ్బ పడుతుందని తెలుసు, దాన్ని పట్టుకుని వాయించేసేవాణ్ణి. కొత్తవాడి భుజం నాకేం తెలుసు?"

ఫోన్ స్టాండు పక్కన కూతురు తండ్రి మొహం చూస్తూ బిగుసుకుపోయింది. వంటింట్లో తల్లి చేతివేళ్ళు వాటంతట అవే ‘మరి ఇంట్లో?’ అని కొట్టాయి. ఈసారి గుండెలు పెట్టడం గుర్తు రాలేదు. ఆయనకి అదీ పట్టలేదు.

"ఇంట్లో ఊఁ అంటాను," అని నవ్వాడు. "మా ఆవిడ వంటింట్లోంచి ఏదో అడుగుతుంది. గొంతు వస్తుంది, మాట రాదు. ఏమన్నావని రెండోసారి అడిగితే కనిపెట్టేస్తుంది. గోడకి ఫోటో ఒక్క వేలెడు పక్కకి ఒరిగితే గుమ్మంలోంచే పట్టేసే మనిషి. తనకి తెలిస్తే ఇక గిటార్ ముట్టుకోనివ్వదు. అందుకే ఊఁ. ఇక్కడైతే మీరు అడిగేవన్నీ అక్షరాల్లో వస్తాయి, కళ్ళజోడుంటే చాలు. వారమంతా శనివారం కోసమే చూస్తుంటా తల్లీ."

చూశారా లైవ్ మహిమ! మంచం మీద పక్కపక్కన పడుకున్న ఇద్దరి మధ్య ఏళ్ళ తరబడి బయటపడని రహస్యాన్ని, ఒక్క సాయంత్రంలో నాలుగు వేలమందికి చేరవేసింది. వాళ్ళ పళ్ళ డాక్టరుకి తెలిసింది. ఇస్త్రీ చేసే ఆయనకి తెలిసింది. పోస్టర్ల మేనేజరుకీ తెలిసే ఉంటుంది. భార్యకి కూడా తెలిసిందంటే, ఆవిడ అభిమానిగా చేరింది కాబట్టి!

అభిమానులు ఏడుపు బొమ్మలు కురిపించారు. చెవుల్లో వెచ్చటి నూనె పొయ్యమని ఒకరు, పొయ్యొద్దని ఒకరు తగవు పడ్డారు. ఆ సందడిలోంచి చిరుమెరుపు ప్రశ్న ఇంకొకటి పైకి పాకింది. డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్తారు?

ఆయన తల గోక్కున్నాడు. "అలాంటివన్నీ మా ఆవిడే చూసుకుంటుంది తల్లీ. అడిగి చెప్తాను."

ఆవిడ ఫోన్ గట్టు మీద పెట్టింది. పైటతో మొహం తుడుచుకుని, వంటింటి స్టూలు పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. దాన్ని సరిగ్గా ఆయనకి ఎదురుగా వేసి కూర్చుంది. అంత దగ్గరగా వచ్చి, అంత తిన్నగా ఆయన మొహంలోకి చూసి ఆవిడ మాట్లాడి ఎన్నాళ్ళయిందో ఇద్దరికీ గుర్తులేదు.

"సోమవారం పొద్దున వెళ్తున్నాం," అంది, ఒక్కొక్క మాటా విడివిడిగా. "ఆ కొత్త డ్రమ్మర్‌ని రేపట్నుంచి మనింటికి పంపమంటాను. ఆ భుజమేదో మీకు అలవాటయ్యేదాకా ఈ గదిలోనే వాయిస్తాడు. పక్కింటివాళ్ళకి నేను చెప్పుకుంటాను. ఇప్పుడు చెప్పండి. పోస్టరు మీద మీ పేరు ఉండాలా, వద్దా?"

ఆయన ఆవిడ పెదవుల్నే చూస్తున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఉండాలి," అన్నాడు.

ఇంత మేలు చేసిన లైవ్‌ని ఇంకా ఎవరైనా కాదంటారా? వంటింటికీ ముందుగదికీ మధ్య ఎంత దూరమండీ? పట్టుమని పది అంగలు. ఆ కొంచెం దూరంలో ఉన్న భార్యాభర్తలు ఆకాశంలో ఉపగ్రహం దాకా ఎగిరివెళ్ళి, నాలుగు వేలమంది సమక్షంలో కలుసుకుని, క్షేమంగా ఇంటికి తిరిగొచ్చారు! లేచి వచ్చి ఎదురుగా కూర్చుని అడగడమనే పద్ధతి ఒకటి ఉండేదని పాతకాలంవాళ్ళు అంటుంటారుగానీ, దాన్ని మనం ప్రోత్సహించకూడదు. దానివల్ల ఎంతమందికి ఇబ్బందో చూడండి. ఆవిడ అలా కూర్చుని నిమిషమైనా కాకముందే తెర మీద అభిమానుల ఫిర్యాదులు బారులు తీరాయి.

‘ఎవరండీ ఆవిడ? అడ్డం తప్పుకోమనండి. గురువుగారు కనబడటం లేదు.’