పెద్ద కీర్తనకో తరవాణి కుండ

కోతల పండుగ ఉదయం కృపారావు వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. ముందు ఆరాధన. ఆ తరవాత ప్రేమవిందు. విందయ్యాక సభ. సభలో తన పేరు పిలిచే ముందు గుడి వెనక్కి వెళ్లాలి. అక్కడ నీడన దాచిన కుండలోంచి ఒక లోటా తరవాణి తాగాలి. వచ్చి వేదికెక్కి పెద్ద కీర్తన అందుకోవాలి. అంతే.

పెద్ద కీర్తన అంటే భట్టిప్రోలు చుట్టుపక్కల లూథరన్ కుటుంబాలన్నిటికీ తెలుసు. బైబిల్లోని కీర్తనలన్నిటిలోకీ పొడవైనది. చూసి చదవడానికే ఊపిరి చాలదు. దాన్ని చూడకుండా అప్పజెప్పడం రిటైర్డ్ లెక్కల మాస్టారు కృపారావుకి ఏళ్ల తరబడి నడుస్తున్న హక్కు. అయితే పోయిన ఏడాది సగంలో ఆగిపోయాడు. పైకప్పు వైపు చూశాడు. అక్కడ ఫ్యాను తిరుగుతోంది తప్ప తరవాతి మాట లేదు. ఆ మాటని వెనక బెంచీలోంచి, మైకు అక్కర్లేని గొంతుతో, రిటైర్డ్ పోస్టుమాస్టరు సంజీవరావు అందించాడు. అందించి ఊరుకోలేదు. ఇక మీదట మొత్తం తనే చెబుతానని పాస్టరుగారిని పట్టుకున్నాడు.

"ఈసారికి మాస్టారే," అన్నారు పాస్టరుగారు. "మళ్లీ ఆగితే మాత్రం, పై ఏటి నుంచి మీరు."

కృపారావు భయం వేదిక గురించి ఒక్కటే కాదు. వాళ్ల పెద్దన్నయ్య చివరి రోజుల్లో సొంత కొడుకుని పట్టుకుని "ఎవరు బాబూ నువ్వు?" అని అడిగాడు. ఆ సంగతి కృపారావు ఇంట్లో ఎత్తడు. కీర్తన ఆగిన క్షణంలో మాత్రం అదే గుర్తొచ్చింది. గుర్తు రావలసింది రాకుండా అదొక్కటే వచ్చింది.

అలాంటి సమయంలో బాపట్లలో ఆహారశాస్త్రం చదువుతున్న మనవరాలు క్రిస్టినా సెలవులకి వచ్చి, అన్నం తింటూ మాటల్లో చెప్పింది.

"పొట్టలో ఉండే మంచి బ్యాక్టీరియాకీ మెదడుకీ సంబంధం ఉందంట తాతయ్యా. ఆకుకూరలు, పప్పులు, పీచుండేవి, పెరుగులాంటి పులిసినవి పెద్దవాళ్లు తింటే మంచిదంట. కాకపోతే ఇంకా పరిశోధనలు జరుగుతున్నాయి, తేలాల్సింది చాలా ఉంది. ఒక్కటి తిని జ్ఞాపకశక్తి వచ్చేస్తుందనుకోవడానికి లేదు."

కృపారావు "మంచిదంట" దాకా విన్నాడు. మిగతాది చెయ్యి కడుక్కోవడంలో వినపడలేదు.

మర్నాడే వంటింటి మూల కుండ వెలిసింది. అన్నం వార్చిన గంజి అందులో పోయడం, గుడ్డ కట్టి పులియబెట్టడం, పైన తేరిన తరవాణి పొద్దునా సాయంత్రం తాగడం. చిన్నప్పుడు పొలం వెళ్లేముందు వాళ్ల నాన్న తాగిందే. కాకపోతే ఆయన ఇంత భక్తిగా తాగలేదు.

"మీ కుండ వాసనకి ఎదురింటి పిల్లి మన గోడెక్కడం మానేసిందండీ," అంది భార్య పుల్లమ్మ.

"దానికేం తెలుసు. అందులో కోట్లమంది నాకోసం పనిచేస్తున్నారు."

"అందరూ కలిసి ఆ కళ్లజోడు ఎక్కడుందో చెబితే బాగుండు."

అలా నెల గడిచింది. పండుగ రోజు కృపారావు కుండని ఆటోలో ఒళ్లో పెట్టుకుని గుడికి తెచ్చాడు. వెనక గోడ వారగా, నీడన దించాడు. తృప్తిగా వెళ్లి ముందు బెంచీలో కూర్చున్నాడు.

అక్కడే పొరపాటు జరిగింది. కోతల పండుగ నాడు గుడి ఆవరణలో అడుగుపెట్టిన ఏ వస్తువైనా దేవుడిదే. కొత్త ధాన్యం బస్తా, గుమ్మడికాయ, కాళ్లు కట్టిన కోడిపుంజు, అరటిగెల, ఏది కనిపించినా మనుషులు మోసుకెళ్లి కానుకల్లో పెట్టేస్తారు. ఎవరిదని అడగరు. అడిగితే ఇచ్చినవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. చిన్నప్పటి నుంచీ ఈ పండుగ చూస్తున్న కృపారావుకి ఈ సంగతి తెలుసు. ఆ పొద్దున గుర్తు రాలేదు.

ఆరాధన ముగిసింది. పందిట్లో ఆకులు వేశారు. కుండ ఒకసారి చూసుకుందామని కృపారావు గుడి వెనక్కి వెళ్లాడు. గోడ ఉంది. నీడ ఉంది. కుండ లేదు.

"ఇక్కడో కుండ ఉండాలి?" అని అటుగా వెళ్తున్నావిణ్ని అడిగాడు.

"కానుకల్లో చేరిందండి. పుల్లటి వాసనొస్తోందని వంటకి పంపారు. రిబ్కా పులుసులో పోస్తానంది. చింతపండు కలిసొస్తుంది కదండీ!"

కృపారావు పరిగెత్తాడు. డెబ్బై దాటాక అంత వేగంగా పరిగెత్తడం అదే మొదటిసారి. వంటల దగ్గర రిబ్కా గంగాళంలో గరిటె తిప్పుతోంది. పక్కన కుండ బోర్లించి ఉంది. కింద మంట భగభగమంటోంది.

"ఆపు రిబ్కా! మంట తీసెయ్! చచ్చిపోతాయి!"

"ఏంటండీ చచ్చిపోయేవి?"

"బ్యాక్టీరియా! కోట్ల కోట్ల బ్యాక్టీరియా! నెల్లాళ్లుగా నా చేత్తో పెంచాను!"

రిబ్కా చేతిలో గరిటె జారి గంగాళంలో మునిగిపోయింది.

ఆ మాట వంటల దగ్గర నుంచి మంచినీళ్ల డ్రమ్ము దాకా వచ్చేసరికి "పులుసులో బ్యాక్టీరియా పడిందంట" అయింది. మొదటి వరసకి "మాస్టారే తెచ్చి పోశాడంట" అని చేరింది. చివరి వరసలో కారణం కూడా దొరికింది. "కీర్తన చేజారిపోతోందని కక్షంట!"

చివరి వరసలో సంజీవరావు కోడికూర తింటున్నాడు. తింటున్నవాడల్లా ఆగి, పొట్ట పట్టుకుని, ఆకు పక్కనే ఒరిగిపోయాడు.

"నాకోసమేనయ్యా! నేను లేకపోతే వేదిక తనదే కదా! మా పెద్దాడికి ఫోన్ చెయ్యండి... ఆ ముక్క ఎవరూ తియ్యకండి, సాక్ష్యం!"

అతన్ని చూసి పక్కావిడకి కడుపులో తిప్పింది. ఆవిణ్ని చూసి ఎదురు వరసకి చెమటలు పట్టాయి. ఎవరో నూట ఎనిమిదికి ఫోన్ చేశారు. రేపల్లె నుంచి అంబులెన్సు కూతపెట్టుకుంటూ వచ్చింది. అందులోంచి జీవన్ కుమార్ అనే టెక్నీషియన్ దిగాడు.

"ఆ పులుసు తిన్నవాళ్లెవరండీ?"

పందిరంతా చేతులెత్తింది.

"వడ్డించిందెవరు?"

"ఇంకా వడ్డించనే లేదు!" అంది రిబ్కా. "పోయిన గరిటె తీసుకోడానికే మాకు కుదర్లేదు."

చేతులు ఒక్కొక్కటిగా దిగాయి. సంజీవరావు అందరికంటే ఆఖర్న లేచి కూర్చుని, "ఇప్పుడు కొంచెం నెమ్మదించింది," అన్నాడు.

"పోనీ, ఆ కుండలోది అసలెవరైనా తాగారా?"

పుల్లమ్మ నిజం దాచే మనిషి కాదు. "మా ఆయన తాగారు బాబూ. నెల నుంచీ. రెండు పూటలా."

అంతే. ఆవరణలో ఏ జబ్బూ లేని ఒకే ఒక్క మనిషిని స్ట్రెచరు మీద పడుకోబెట్టి అంబులెన్సు ఎక్కించారు. తెనాలి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలన్నారు.

"నాకేం కాలేదయ్యా! నేను కీర్తన చెప్పాలి!"

"అందరూ అలాగే అంటారు సార్," అన్నాడు జీవన్ కుమార్.

పాస్టరుగారు ఇబ్బందిగా గొంతు సవరించుకున్నారు. "మాస్టారు తెనాలి వెళ్తున్నారు కాబట్టి... ఈసారికి సంజీవరావుగారు..."

సంజీవరావు అప్పటికే వేదిక మీదున్నాడు. మైకుని తన ఎత్తుకి సర్దుకుంటున్నాడు.

అంబులెన్సులో జీవన్ కుమార్ కృపారావు చేతికి బీపీ పట్టీ చుట్టాడు. "తల తిరుగుతోందా సార్? తికమకగా ఉందా? మీకు బాగా గుర్తున్నది ఏదైనా చెప్పండి, వింటాను."

కృపారావు ఒక్క క్షణం అతని ముఖంలోకి చూశాడు. ఆ తరవాత కళ్లు మూసుకుని పెద్ద కీర్తన మొదలుపెట్టాడు.

ఆ గొంతు తెరిచి ఉన్న తలుపులోంచి బయటికి వచ్చింది. ముందు పుల్లమ్మ వచ్చి నిలబడింది. వెనక రిబ్కా, పాస్టరుగారు, పందిట్లోని జనమంతా వచ్చారు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. వాక్యం నడుస్తుండగా బండి తీస్తే వాళ్లమ్మ ఇంట్లోకి రానివ్వదు. వేదిక ముందు వినేవాళ్లు మిగలక సంజీవరావు కూడా వచ్చాడు. పుస్తకం తెరిచి, వేలు పెట్టి, ఒక్కో మాటా సరిచూస్తూ నిలబడ్డాడు. పోయిన ఏడాది ఆగిన చోటు వచ్చింది. కృపారావు ఆగాడు. సంజీవరావు నోరు తెరిచాడు. పుల్లమ్మ కొంగు బిగించి పట్టుకుంది.

"ఆ పట్టీ కొంచెం వదులు చెయ్యి బాబూ, చెయ్యి నొక్కేస్తోంది," అన్నాడు కృపారావు. ఆ తరవాతి మాట అందుకున్నాడు. చివరిదాకా వెళ్లాడు.

చప్పట్లు ఆగాక జీవన్ కుమార్ పట్టీ విప్పేశాడు. "ఈయన్ని తెనాలి తీసుకెళ్తే, డాక్టర్లు నన్ను చేర్చుకుంటారండి."

క్రిస్టినా మైకు దగ్గరికి వెళ్లి, బ్యాక్టీరియా అన్నదల్లా రోగం కాదనీ, రోజూ తినే పెరుగులో ఉండేది అదేననీ చెప్పింది. "అయినా తాతయ్యా, ఇవాళ నువ్వు ఒక్క చుక్క కూడా తాగలేదు. నెల్లాళ్లుగా పొద్దున్నే కీర్తన వల్లెవేస్తున్నావు కదా, దాని సంగతేంటి?" అని చెవిలో అడిగింది. కృపారావు ఆ ప్రశ్న కూడా వినలేదు. ఎందుకంటే పందిట్లో ఆ జ్ఞాపకశక్తి పులుసు కోసం తోపులాట మొదలైంది. సంజీవరావు మూడోసారి వడ్డించుకుంటున్నాడు. "మరిగిపోతే ఇంకేం మిగలవు," అని క్రిస్టినా చెబుతున్నా ఎవరూ ఆగలేదు. రిబ్కాకి గంగాళం అడుగున గరిటె దొరికింది.

సాయంత్రం క్రిస్టినా గుడి నుంచే బాపట్ల బస్సెక్కింది. కృపారావు మెళ్లో బంతిపూల దండతో, ఒళ్లో ఖాళీ కుండతో ఆటోలో ఇంటికి చేరాడు. కుర్చీలో వెనక్కి వాలాడు. అన్నయ్య జ్ఞాపకం చాలా రోజుల తరవాత నొప్పి లేకుండా వచ్చి వెళ్లింది.

"పుల్లమ్మా, కాసిని మంచినీళ్లియ్యి," అన్నాడు.

వంటింటి వైపు తిరిగాడు.

"పుల్లమ్మా!"

వీధిలో స్కూటరు ఆగింది. వెనక సీటు మీంచి పుల్లమ్మ దిగింది. స్కూటరు నడుపుతున్న సంజీవరావు ఆ రోజు మొత్తంలో మొదటిసారి హాయిగా నవ్వుతున్నాడు.

"గుడి గేటు కూడా వేసేశారండి మాస్టారూ," అన్నాడు. "వదినగారొక్కరే మెట్ల మీద కూర్చునున్నారు."

కృపారావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. పెద్ద కీర్తన మొత్తం వచ్చిన మనిషికి ఒక్క మాట దొరకలేదు.

పుల్లమ్మ చెప్పులు విడిచి, కుండని పెరట్లో పెట్టి, మంచినీళ్ల గ్లాసు తెచ్చి చేతికిచ్చింది.

"పోనీలెండి. ఉన్న బ్యాక్టీరియా అంతా కీర్తనకే సరిపోయినట్టుంది."